కొలతాడు ఆత్మకథ

నేను కొబ్బరి పీచు తాడుని. గోదావరి డెల్టాలోని పెనుగొండ చుట్టుపక్కల చెడుగుడు కోర్టు గీయాలంటే ముందు నేల మీద పడేది నేనే. నా వెంబడి సున్నం పడుతుంది, సున్నం పడ్డాక ఆటగాళ్లు దిగుతారు. కొత్త తాడు సాగుతుంది కనుక నన్ను ముందు గట్టిగా లాగి, ఇక సాగదని తేలాకే ముడులు వేశారు. 13 మీటర్ల దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి, నడిగీత నుంచి బాక్ లైనుకి 3.75 దగ్గర ఒకటి, అక్కడి నుంచి బోనస్ గీతకి ఇంకో మీటరు. ఆడపిల్లల కోర్టు 12, 8 కాబట్టి వాటికీ ముడులున్నాయి. మూల సరిగ్గా కుదిరిందో లేదో కూడా నాతోనే చూస్తారు. మేకు దగ్గర నుంచి ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు కొలిచి, ఆ రెండు కొసల మధ్య నన్ను లాగితే 5 మీటర్లు రావాలి. రాకపోతే మేకు పీకి మళ్లీ పాతాల్సిందే. నేలను కొలవడమే బతుకైన నాకు ఒక నమ్మకం బలపడింది. ఊరి జట్టు చరిత్ర చెప్పేవాళ్లు గెలిచిన కప్పులతో మొదలుపెడతారు. ఆడిన నేలతో మొదలుపెట్టాలి. ఆ నేల జట్టు చేతిలో ఏడాది పొడుగునా ఉందా లేదా అన్నదే అసలు సాధన.

లెక్క చూడండి. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అంటే 130 చదరపు మీటర్లు. మన సెంటు లెక్కలో మూడుంబావు సెంట్లకు కాస్త తక్కువ. ఔటైనవాళ్లు కూర్చోడానికి, జనం నిలబడడానికి చుట్టూ చోటు వదిలినా పది సెంట్లు దాటదు. పెద్ద ఆటల్లో ఇంత తక్కువ నేల అడిగేవి అరుదు. అయినా డెల్టాలో ఆ పది సెంట్లే కరువు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లు పారిన ప్రతి చోటా నేల పంటకే అంకితమైంది. సార్వా కోసి కుప్పలు నూర్చాక, దాళ్వా నాట్లు పడేలోపు దొరికే చిన్న విరామంలో సంక్రాంతి వస్తుంది. ఊళ్లో చెడుగుడు పండగ ఆటగా మిగిలిపోవడానికి ఒక కారణం ఇదేనని నా అభిప్రాయం. మిగతా రోజుల్లో చేలో నీళ్లుంటాయి, గట్టు మీద కొబ్బరి చెట్లుంటాయి, కొన్ని చోట్ల చేపల చెరువులుంటాయి. కానీ చెడుగుడు పండగ మూడు రోజుల్లో వచ్చే విద్య కాదు. కూత ఆగకుండా 30 సెకన్లు అవతలి కోర్టులో తిరగాలంటే ఊపిరికి రోజూ సాధన కావాలి. చీలమండ పట్టు పట్టేవాడికి ఆ పట్టు ఎప్పుడు పట్టాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు పట్టకూడదో తెలియాలంటే ప్రతి సాయంత్రం అదే నలుగురితో ఆడాలి. చేయీ చేయీ కలిపి గొలుసు కట్టినప్పుడు పక్కవాడి అడుగు కళ్లతో చూడకుండానే తెలియాలి. అది ఒకే నేల మీద ఏళ్ల తరబడి కలిసి ఆడితేగాని రాదు.

ఊరి జట్టుకి సొంత నేల అనగానే నాకు ఐర్లాండ్ గుర్తొస్తుంది. 1884 నవంబరు 1న థర్లెస్ అనే పట్నంలో, హేయిస్ హోటల్లో, మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ మరికొందరితో కలిసి గేలిక్ క్రీడా సంఘాన్ని స్థాపించారు. అప్పుడు ఆ దేశం కూడా మనలాగే బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. కర్రతో ఆడే హర్లింగ్, చేతులూ కాళ్లూ రెండూ వాడే గేలిక్ ఫుట్‌బాల్ లాంటి తమ సొంత ఆటలకు నియమాలు రాసుకుని, ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లను ఒక్కో క్లబ్బుగా కట్టుకున్నారు. నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగిన పని. క్లబ్బులు మైదానాలు సంపాదించుకున్నాయి. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్థలాన్ని 1908లో ఫ్రాంక్ డినీన్ అనే ఆయన అప్పుచేసి కొని నిలబెడితే, 1913లో సంఘం దాన్ని తన పేర రాయించుకుంది. ఇవాళ అక్కడ 82 వేల మంది ఆట చూడొచ్చు. ఐర్లాండ్‌లో రెండు వేలకు పైగా ఉన్న క్లబ్బుల్లో చాలావాటికి సొంత మైదానం ఉంది. గేలిక్ మైదానం కనీసం 130 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు, అంటే రెండున్నర ఎకరాల పైమాటే. అక్కడి ఆటగాళ్లు జీతం తీసుకోరు, మామూలుగా పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడతారు. రెండున్నర ఎకరాలు నిలబెట్టుకున్న పల్లెలు లోకంలో ఉండగా, పది సెంట్లు మన వల్ల కాదంటే ఒప్పుకోలేను.

వాళ్ల వెనుక స్వాతంత్ర్యోద్యమం ఉంది, చర్చి ఉంది, మనకి ఆ అండ లేదు కదా అనొచ్చు. కానీ మన ఆట కూడా ఆ గాలి పీల్చే పెరిగింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి నుంచి, అంటే విదర్భలోని అమరావతి నుంచి, హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు వెళ్లి కబడ్డీ ఆడి చూపించారు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరింది, పురుషుల స్వర్ణం మనకే వచ్చింది. నియమాలకీ సంఘాలకీ మనం లోటు చేయలేదు. లోటు ఊళ్లో నేలకే జరిగింది. ఊరు పట్టుబడితే ఏమవుతుందో చూడాలంటే ఢిల్లీ శివార్లలోని నిజాంపూర్ ఉంది. రాకేష్ కుమార్, మంజీత్ ఛిల్లర్ ఇద్దరూ ఆ ఒక్క పల్లె బిడ్డలే, ఇద్దరూ దేశానికి ఆడారు. ఆట పుట్టింది మన దగ్గరేనన్న ధీమా చాలదని 2018లో జకార్తాలో తేలింది. సెమీఫైనల్లో ఇరాన్ మన పురుషుల జట్టును ఓడించి, ఆపైన స్వర్ణం కూడా పట్టుకుపోయింది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఇప్పుడు ఆట మ్యాట్ మీదకి వెళ్లింది, ప్రొ కబడ్డీ వచ్చింది, డబ్బు వచ్చింది, ఇంకా మట్టి కోర్టు, కొలతాడు ఎందుకని. డబ్బు రావడం మంచిదే, మనసారా అంటున్నాను. 2014లో మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ ధర పలికిన రాకేష్ కుమార్‌కి వచ్చింది 12.8 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌కి తెలుగు టైటాన్స్ పెట్టింది 2.605 కోట్లు. కూలి పనికి వెళ్లే ఇంటి కుర్రాడికి ఈ అంకెలు ఎంత ఆశ పుట్టిస్తాయో నాకు తెలుసు. మ్యాట్ మీద మోకాళ్లు, మోచేతులు అంతగా చెక్కుకుపోవన్నదీ నిజమే. అయితే లీగు తయారైన ఆటగాణ్ణి ఎంచుకుంటుంది, పదేళ్ల పిల్లాడికి కూత నేర్పేది ఊరే. తెలుగు పేరు పెట్టుకున్న జట్టుకి పేరు తెచ్చిన కూతగాళ్లలో రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, పవన్‌ది ఢిల్లీ. వాళ్ల ఆటకి దండం పెడతాను. ఆ స్థానంలో ఆచంట, పాలకొల్లు, సిద్ధాంతం లాంటి మా ఊళ్ల కుర్రాళ్లు ఎందుకు లేరన్నది మాత్రం మనం వేసుకోవాల్సిన ప్రశ్న. పైగా మ్యాట్ గాలిలో పరుచుకోదు. దానికీ చదునైన నేల, పైన కప్పు కావాలి. మట్టి కోర్టయితే అడుగు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, ఇసుకా రంపపు పొట్టూ కలిపి, నీళ్లు చిలకరిస్తే చాలు. అలా గుల్ల చేసిన మట్టి పడినవాణ్ణి బాగానే కాచుకుంటుంది.

స్థలం ఎవరిస్తారు, సెంటు ధర ఎంతుందో తెలుసా అని అడుగుతారు. తెలుసు. సంక్రాంతి మూడు రోజుల కోడిపందేలకి, అవి చట్టం ఒప్పనివైనా, తోటలూ చేలూ ఎకరాల కొద్దీ చదునవడమూ తెలుసు. కావాలనుకున్నదానికి ఈ సీమలో నేల దొరుకుతుంది. బడి మైదానం ఉంది కదా అంటే, ఉన్నచోట సంతోషమే. కానీ బడి గేటుకి సాయంత్రం తాళం పడుతుంది, సరిగ్గా ఆట మొదలయ్యే వేళకి. ఆడపిల్లల విషయంలో శాశ్వతమైన చోటు మరీ అవసరం. పండగ జనంలో, మైకుల హోరులో ఏ తల్లీ కూతురిని సాధనకి పంపదు. ఊరి నడుమ దీపం వెలిగే కోర్టుంటే పంపుతుంది. 2010లో గ్వాంగ్‌జౌలో మహిళల కబడ్డీ ఆసియా క్రీడల్లో చేరినప్పటి నుంచి మన అమ్మాయిలు మూడుసార్లు స్వర్ణం, ఒకసారి రజతం తెచ్చారు. 12కి 8 కోర్టు వాళ్లకి ఇవ్వడానికి ఇంకేం రుజువు కావాలి?

దారి ఒకటి కళ్లెదుటే ఉంది. పెనుగొండ రోడ్ల వెంట చేలు ఇళ్ల స్థలాలవుతున్నాయి. అనుమతి తీసుకున్న లేఅవుట్లో పది శాతం ఖాళీ జాగా వదలాలన్న నిబంధన ఎన్నాళ్లుగానో ఉన్నదే. ఎకరం లేఅవుట్లో పది శాతమంటే సరిగ్గా పది సెంట్లు. ఆ చోటును పిచ్చిమొక్కలకి వదలకుండా ఆట స్థలమని పంచాయతీ తీర్మానంలో రాయించి, ఊరి జట్టుకి అప్పగించాలి. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా గీయించండి, సాయంత్రపు ఎండ కూతకు వెళ్లేవాడి కళ్లలో పడకుండా ఉంటుంది.