ఏడిళ్ల కులవృత్తి

మహారాష్ట్రలోని భివండీలో కులవృత్తి ఎప్పుడో మంటగలిసింది. నేత మా సొత్తని కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చిన పద్మశాలీలు పద్మనగర్‌నీ కామత్‌ఘర్‌నీ నింపారు. ఇవాళ అక్కడి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఉత్తరప్రదేశ్, బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన సకల కులాలవాళ్లూ నిలబడి ఉన్నారు. సేఠ్ ఎవరి గోత్రమూ అడగడు. తెగిన పోగు అతకడం వచ్చా, రాదా? అంతే. కూలి మీటరు లెక్కన. గుడ్డలో తప్పు దొర్లితే కోత. సాక్షాత్తూ మార్కండేయ మహర్షి వంశంలో పుట్టానన్నా కోత కోతే.

కులవృత్తి పోయిందని సంబరపడేవారికి ఒక దుర్వార్త. అది చావలేదు. పాస్‌పోర్టు తీయించుకుని దేశాలు పట్టిపోయింది. ఇంగ్లీషు చెప్పడమనేది ఇప్పుడు ఏడిళ్లవారి కులవృత్తి.

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచరుకిచ్చే వీసా పేరు ఈ-2. దానికి అర్హులైన వంశాలు ఇవి: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, భూగర్భశాస్త్రమైనా సరే. పాస్‌పోర్టు ఆ ఏడిళ్లలో ఒకటిదైతే వ్యాకరణం రక్తంలోనే ప్రవహిస్తుందని కొరియా ప్రభుత్వ విశ్వాసం. చైనాదీ దాదాపు అదే వరస.

ఈ ఏడింటిలో దక్షిణాఫ్రికా ముచ్చట వినదగ్గది. అక్కడ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునేవారు జనాభాలో పదిమందికి ఒక్కరు కూడా ఉండరు. అయినా అది ఇంగ్లీషు ఇల్లే. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయల్దేరి నవంబరులో డర్బన్ చేరింది. ఆ ఓడతో మొదలై తర్వాతి ఓడల్లో మన తెలుగువాళ్లు వేలుగా వెళ్లారు, చెరకు తోటల్లో గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. ఆ కూలీ మునిమనవరాలు ఇవాళ కొరియా లెక్కలో పుట్టు ఇంగ్లీషుది. సంతోషం, ఆమెను చల్లగా ఉండనివ్వండి. కానీ ఆ కూలీలాగే పొట్ట చేతపట్టుకుని, ఓడకు బదులు రైలెక్కి భివండీలో దిగిన కరీంనగర్ నేతగాడి మునిమనవరాలు మాత్రం కాదు. అంటే మన ఉచ్చారణ ఎలాంటిదో తేలేది నాలుక దగ్గర కాదు, తాత ఎక్కిన బండి దగ్గర.

ఆ మునిమనవరాలిని కాసేపు ఊహించుకుందాం. ఇంట్లో తెలుగు, సందులో ఉర్దూ, బస్సులో హిందీ, మునిసిపాలిటీ కిటికీ దగ్గర మరాఠీ. ఎం.ఏ., బీఈడీ ఇంగ్లీషులో. ఐదు భాషల్లో బేరమాడగలదు. జపాన్ తలుపు తడితే, పన్నెండేళ్లు ఇంగ్లీషులోనే చదివావా అని అడుగుతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తలుపు మూసుకుంది.

ఇక ఆమె కాగితాల సంగతి. ఊళ్లోని రేషన్ కార్డులో ఇంటిపేరు ముందు, పేరు వెనక. మహారాష్ట్ర బడి రిజిస్టరులో పేరు ముందు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు, అదీ గుమాస్తాకు వినబడిన స్పెల్లింగులో. పాస్‌పోర్టు ఫారంలో ఉన్నవి రెండే గడులు. ఒక్క పిల్ల ముగ్గురైంది. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ ముందు ప్రమాణం చేయాలి. ఆపైన డిగ్రీ నిజమేనని యూనివర్సిటీ చెప్పాలి. యూనివర్సిటీ సంతకం నిజమేనని మంత్రాలయ, అంటే రాష్ట్ర సచివాలయం, చెప్పాలి. మంత్రాలయ ముద్ర నిజమేనని ఢిల్లీలో విదేశాంగ శాఖ ఒక స్టిక్కరు అతికించాలి. దాని పేరు అపోస్టిల్. ఆ అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ఢిల్లీ నిజమేనా అని అడిగేవాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

మనవాళ్లు చేతులు ముడుచుకు కూర్చున్నారనుకోకండి. 2009 ఆగస్టులో భారత్, కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2010 జనవరి 1 నుంచి అమలు. అందులో మన ఇంగ్లీషు టీచర్లకూ ఓ కిటికీ తెరిచారు. డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషు చెప్పే టీచరు అర్హత ఉండాలి, అప్పుడు బడిలో సహాయక టీచరుగా పెట్టుకుంటారట. ఏడిళ్లవారికి ఏ డిగ్రీ అయినా చాలు. మనకు బీఈడీ ఉంటే పక్కన నిలబడే యోగ్యత. పద్మనగర్ అరుగు మీద ఈ సంగతి ఇలా నడుస్తుంది:

"ఏం బిడ్డా, ఇంగ్లీషు చెప్పనీకి కొరియా పోతవంట గదా?"

"చెప్పుడు కాదు పెద్దబాపూ. చెప్పేటోళ్ల పక్కన నిలబడాల్నట."

"నిలబడనీకి గంత దూరమెందుకు బిడ్డా? మేం సాంచా కాడ పన్నెండు గంటలు నిలబడ్తలేమా?"

బ్రిటన్ సంగతి మరీ తమాషా. ఆ దేశానికి ఉద్యోగానికి వెళ్లే జమైకావాళ్లకు ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదు, మనవాళ్లకు కావాలి. లేదంటే చదివిన డిగ్రీ ఇంగ్లీషులోనే సాగిందని ఎక్టిస్ అనే సంస్థకు డబ్బు కట్టి చెప్పించుకోవాలి. మన రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు నడిచేది ఇంగ్లీషులోనే. యావజ్జీవ శిక్ష రాయడానికి సరిపోయే ఇంగ్లీషు, అక్కడ ఆరో తరగతికి వ్యాసం నేర్పడానికి పనికొస్తుందో రాదో డబ్బు కట్టి తేల్చుకోవాలి. అలాంటి పరీక్షల్లో ఒకటైన ఐఈఎల్‌టీఎస్ మార్కులకు ఆయుష్షు రెండేళ్లు. ఆ తర్వాత మన ఇంగ్లీషుకు బూజు పడుతుంది కాబోలు, మళ్లీ డబ్బు కట్టి దులిపించుకోవాలి. 2021లో బ్రిటిష్ కౌన్సిల్ భారతదేశంలోని తన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని ఐడీపీ అనే ఆస్ట్రేలియా కంపెనీకి 13 కోట్ల పౌండ్లకు అమ్ముకుంది. మనకు ఇంగ్లీషు రాదేమోనన్న అనుమానం ఖరీదు అది. వచ్చని నమ్మితే దమ్మిడీ రాలదు.

పాత దొరలే నయం. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను ఈస్టిండియా కంపెనీ 1817లో మద్రాసుకు రప్పించి, సెయింట్ జార్జి కోట కాలేజీలో తెలుగు నేర్పించి, పరీక్ష పెట్టి, 1820లో కడపకు పంపింది. పుట్టుకతో తెలుగువాడివా అని అడగలేదు. అడిగి ఉంటే 1852 నాటి మన నిఘంటువు ఉండేది కాదు.

హైదరాబాదు వైపూ చూద్దాం. 1958లో పెట్టిన ఇంగ్లీషు సంస్థ ఇప్పుడు ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం. విదేశాంగ శాఖ ఖర్చు మీద ఎన్నో దేశాలవాళ్లు అక్కడికొచ్చి ఇంగ్లీషు నేర్చుకుపోతారు. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో మన ప్రభుత్వమే ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు పెట్టింది. సర్కారు దానం చేస్తే అది మంచి ఇంగ్లీషు, పద్మనగర్ పిల్ల జీతానికి చెబుతానంటే కాదు.

అన్నట్టు, మనమూ తక్కువ తినలేదు. మన ఊళ్ల స్పోకెన్ ఇంగ్లీషు బోర్డుల మీద నవ్వే తెల్లమొహం ఎవరిది? లోపల పాఠం చెప్పే మన పిల్ల జీతం ఎంత? కొరియా సహాయకురాలని కాగితం మీద రాసింది. మనం రాయకుండానే కానిచ్చేస్తున్నాం.

దారులన్నీ మూసిన చోట ఏజెంటు తలుపు తెరుస్తాడు. టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చంటాడు. కంప్యూటరు ఉద్యోగాలని థాయ్‌లాండ్‌కు పిలిచి మయన్మార్ సరిహద్దులో సైబర్ మోసాల కొట్టాల్లో పడేస్తున్నారని 2022 సెప్టెంబరులో విదేశాంగ శాఖే హెచ్చరించింది. తెలుగు పిల్లలూ ఆ వలలో పడ్డారు. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడండి. చట్టం ప్రకారం అతను తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగేవాడికి వీసాల దేవుడు చిల్కూరు బాలాజీ చుట్టూ చేసే 108 ప్రదక్షిణలు కూడా అడ్డుపడవు.

కొరియా ఒప్పందాన్ని సవరించే చర్చలు 2016 నుంచి సాగుతూనే ఉన్నాయి. ఉక్కు గురించి, కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడే మన అధికారులు ఒక్క పూట ఈ పిల్లల కోసం కూర్చోవాలి. ఆ కాగితంలోంచి 'సహాయక' అన్న మాట కొట్టేయించండి. పరీక్ష పెట్టమనండి, పాఠం చెప్పించి చూడమనండి. తప్పు దొర్లితే కోత కోయమనండి. భివండీకి అది అలవాటే.