పవన త్యాగం, భరత ప్రాప్తి: సటీకా తాత్పర్యం

అవతారిక

ఓరుగల్లు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్రం రాశాడు. దానికి కుమారస్వామి సోమపీథి వ్యాఖ్య రాసి ‘రత్నాపణం’ అని పేరు పెట్టాడు. రత్నాల అంగడి అని అర్థం. ఆయన మల్లినాథ సూరి కొడుకు. ఆ ఇంట్లో పొద్దున లేస్తే టీక, దీపం పెడితే టీక. నాకు అంత వంశం లేదు. హనుమకొండలో చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పి దిగిపోయినవాణ్ణి. రత్నాల జోలికి పోయే స్తోమతు లేదు గానీ అంగడి మాత్రం ఒకటి దొరికింది. 2025 మే 31, జూన్ 1 తేదీల్లో ముంబైలో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్‌కు ఆటగాళ్ల వేలం జరిగింది. అక్కడ తెలుగు టైటాన్స్ యాజమాన్యం చేసిన పనిని ఒక ఆటవెలదిలో ఇరికించాను. టీకా నాదే. మూలకారుడూ టీకాకారుడూ ఒక్కడే గనుక కవి హృదయం ఎక్కడుందని వెతుక్కునే పని లేదు. ఎక్కడైనా అపార్థం కనిపిస్తే అది కావాలని చేసిందే.

మూలం

పవను వదలివేసి భరతునిఁ గొనితెచ్చి
విజయుఁ జేయి జారవిడువకుండ
శుభము నిల్లుఁ జేర్చి చొక్కపు ధరతోడఁ
దెలుఁగు దైత్యు లిట్లు తేరినారు

ప్రతిపదార్థం

తెలుఁగు దైత్యులు = టైటాన్స్ అనే పేరుగల తెలుగు జట్టువారు. టైటాన్లు గ్రీకు పురాణాల్లో ఒక పాత దేవతాజాతి. కొత్త దేవతలతో పదేళ్లు యుద్ధం చేసి ఓడిపోయారు. 2014లో జట్టుకు నామకరణం చేసినవాళ్లు కథ మొదటి సగమే చదివినట్టున్నారు.

పవనున్ = పవన్ సెహ్రావత్‌ను. పవనుడంటే గాలి. కబడ్డీలో గాలి అంటే కూత, కూత అంటే ఊపిరి. ఊపిరి వదిలేసి బతికిన జట్టు కనుక ఇక్కడ విరోధాభాసాలంకారం. ఇంటిపేరు పద్యంలో ఎందుకు లేదని అడగవచ్చు. ‘సెహ్రావత్’ ఏ గణంలోనూ కుదురుగా కూర్చోలేదు. ఛందస్సుకు ఒదగనిదాన్ని నేను వదిలేశాను, వేలం సంచికి ఒదగనిదాన్ని వాళ్లు వదిలేశారు.

వదలివేసి = పద్యం మొత్తంలో కష్టమైన క్రియ ఇదే. వదలడం వేరు, వదలివేయడం వేరు. కబడ్డీ లీగులో వదలడం సగం తలుపు మూయడం లాంటిది. ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక నియమం ఉంది: వదిలిన ఆటగాణ్ణి వేరేవాళ్లు పాడుకుంటే, ఆ చివరి ధరకు ‘మేమూ సరే’ అని పాత జట్టు మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు. 2024లో పవన్‌ను అలాగే వదిలి, అలాగే కోటి 72.5 లక్షలకు వెనక్కి తెచ్చుకున్నారు. అది వదలడం. 2025లో తమిళ్ తలైవాస్ 59.5 లక్షలకు పాడుకుంటే తెలుగువారి బల్ల దగ్గర చప్పుడు లేదు. ఇది వదలివేయడం. ‘వేయు’ అనే అనుబంధ క్రియకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తరగతిలో నాకు ఏనాడూ దొరకలేదు.

భరతునిన్ = భరత్ హుడాను; కొనితెచ్చి = 81 లక్షలు పోసి తెచ్చి. భరతుడంటే అన్న లేని రాజ్యాన్ని నడిపినవాడు. ఈయన అంతకుముందు సీజన్‌లో ఆడింది యూపీ యోధాస్‌కు, అంటే అయోధ్య ఉన్న రాష్ట్రం జట్టుకు. 2024లో అక్కడ ధర కోటి 30 లక్షలు. ఏడాదిలో అది 81కి దిగింది. పాదుకలకు కూడా పాత రేటు రాదు. ఛందస్సులో ఒక సూక్ష్మం కూడా ఉంది: మొదటి పాదంలో పవనుడి ‘ప’కారానికి భరతుడి ‘భ’కారం యతి. ఆ స్థానంలో ఈయనే రావాలని ఛందస్సు ముందే చెప్పింది. యాజమాన్యం ఆలస్యంగా విన్నది.

విజయున్ = విజయ్ మలిక్‌ను; చేయి జారవిడువకుండ = ఫైనల్ బిడ్ మ్యాచ్ వాడి 51.5 లక్షలకు నిలుపుకొని. పదకొండో సీజన్‌లో పవన్ గాయపడి పక్కన కూర్చున్నప్పుడు భారం మోసింది ఇతనే. విజయుడు అర్జునుడి పేర్లలో ఒకటని పిల్లలకు కూడా తెలుసు. అదే వేలంలో అర్జున్ దేశ్వాల్‌ను తలైవాస్ కోటి 40.5 లక్షలకు తీసుకున్నారు. ఒకే వీరుడికి రెండు పేర్లు, పేరు మారితే సుమారు తొంభై లక్షల తేడా. పర్యాయపదాలకు అర్థం ఒకటే అంటారు గానీ ధర ఒకటి కాదు.

శుభమున్ = శుభమ్ షిండేను; ఇల్లు చేర్చి = 80 లక్షలు. కుడి మూల కాపు, అంటే రైట్ కార్నర్. భరతుడికి 81, శుభానికి 80. కూత పెట్టేవాడికీ పట్టు పట్టేవాడికీ మధ్య లక్ష రూపాయలే తేడా. ఈ లక్ష పద్యానికి ప్రాణం. దీని సంగతి సిద్ధాంతంలో చెబుతాను.

చొక్కపు ధరతోడన్ = సరైన ధరతో. ఈ మాట అర్థం కావాలంటే ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోవాలి.

జెండా పాట అనే విశేషం

మిర్చి సీజన్‌లో ఎనుమాములకు పొద్దున్నే పోతే మొదట కనిపించేది జెండా పాట. నిగనిగలాడే ఒక సరుకు దగ్గర జెండా పెట్టి పాట మొదలుపెడతారు, వ్యాపారులు పోటీ పడతారు, క్వింటాల్‌కు ఒక పెద్ద అంకె పలుకుతుంది. మర్నాడు పేపర్లో అచ్చయ్యేది ఆ అంకె. మధ్యాహ్నం కాంటా దగ్గర రైతు చేతికి వచ్చేది వేరే అంకె. తేమ అంటారు, తాలు అంటారు, రంగు దిగిందంటారు. నర్సంపేట దిక్కు నుంచి తేజ రకం తెచ్చిన ఒక పెద్దమనిషిని ఒకసారి అడిగాను, జెండా పాట బాగా పలికింది కదా అని. ఆయన నా మొహం చూసి, “సారూ, జెండా పాట జెండకే. మన బస్తకు గాదు” అన్నాడు. కబడ్డీ వేలం మీద ఇంతకన్నా మంచి భాష్యం నేను చదవలేదు.

2023 అక్టోబరులో పవన్ నాయకత్వంలో భారత జట్టు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కొద్ది రోజులకే వేలం. సరుకు నిగనిగలాడుతున్న వేళ జెండా ఎత్తారు. టైటాన్స్ 2 కోట్ల 60.5 లక్షలకు పాడారు. లీగులో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. మొత్తం జట్టు మీద పెట్టే ఖర్చుకు లీగు గీసిన హద్దు, అంటే సంచి, 5 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన 2 కోట్ల 39.5 లక్షలను పదిహేడు మందికి పంచితే తలకు పద్నాలుగు లక్షలు. సి తరగతి ఆటగాడి కనీస ధరే 13 లక్షలు. అంటే ఒక జెండా కొని, మిగతా బస్తాలన్నీ తాలు ధరకు నింపుకోవాలి. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు 2 గెలిచారు, అట్టడుగున నిలిచారు. కాయలో లోపం లేదు. పక్క బస్తాలు కొనడానికి డబ్బు లేదు, అంతే.

2025లో భరతుడు, శుభం, విజయుడు ముగ్గురికీ కలిపి 2 కోట్ల 12.5 లక్షలైంది. రెండేళ్ల కింద ఒక్కడికి పోసినదానికన్నా 48 లక్షలు తక్కువ. ‘చొక్కపు’ అనే విశేషణం ఇందువల్ల సార్థకం.

దోష విచారం

‘పవను వదలి’ అనేచోట వాయువు వదలడమనే అర్థం స్ఫురించి అశ్లీల దోషం తగులుతుందని ఒక పాత సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. పరిహారం: ఆ దోషం శబ్దం ఉన్నప్పుడే. ముంబైలో తెలుగువారు శబ్దం చేయకుండా వదిలారని పైన చెప్పాను.

పూర్వపక్షం

దీన్ని మా మేనల్లుడు తెచ్చాడు. హనుమకొండ జేఎన్ స్టేడియం బయట చాయ్ తాగుతూ నిలదీశాడు.

“పవన్‌ను ఇడిసిపెట్టుడేంది మామా? ఆగస్టు 29 నాడు వైజాగ్‌ల మొదటి మ్యాచే మనకూ తలైవాస్‌కూ పడ్డది. గాయిన వాళ్ల దిక్కు నుంచి వచ్చి 38–35తోని మనల్నే కొట్టె. మీ పద్యం గప్పుడు యాడ వాయె?”

“పద్యం ఆనాటికి రాయలేదురా” అన్నాను. ఇది తప్పించుకునే జవాబని నాకూ తెలుసు. అసలు జవాబు ఇది.

సిద్ధాంతం

ప్రతాపరుద్రీయం మొదటి ప్రకరణం నాయక ప్రకరణం. ఆ పుస్తకంలో ఏ లక్షణానికి ఉదాహరణ కావాలన్నా శ్లోకంలోకి ప్రతాపరుద్రుడే వస్తాడు. కవికి అది గొప్ప సౌకర్యం. అగ్రహారం ఇచ్చేవాడు ఒక్కడైనప్పుడు నాయకుడూ ఒక్కడే ఉండాలి. టైటాన్స్ ఏళ్ల తరబడి ఈ పుస్తకాన్నే నమ్ముకున్నారు. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి. ఆయన ఆడినంతకాలం కొంత నడిచింది, 2015లో మూడో స్థానం కూడా దక్కింది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి కోటి 45 లక్షలు. ఆ తర్వాత పవన్. ప్రతి ఉదాహరణలోనూ ఒక నాయకుడు, చుట్టూ పాదపూరణ కోసం చ, వై, తు, హి. ఎనిమిదో సీజన్‌లో 22కి 1 గెలుపు, తొమ్మిదిలో 2, పదిలో 2. మొత్తం 66 మ్యాచ్‌లకు 5. మూడుసార్లూ చివరి స్థానమే.

కబడ్డీ ఒక వాక్యమైతే కూత పెట్టేవాడు కర్త, పట్టు పట్టేవాడు క్రియ. కర్తకు ఎన్ని విశేషణాలు తగిలించినా క్రియ లేనిదే వాక్యం ముగియదు. రైడర్ ముప్పై సెకన్లు అవతలి గడిలో ఉంటాడు. వెంటనే మరో ముప్పై సెకన్లు వాళ్ల మనిషి మన గడిలో ఉంటాడు. ఆట సరిగ్గా సగం పట్టుదే. ఆ సగాన్ని తాలు ధరకు కొని, మొదటి సగానికి జెండా ఎత్తితే ఏమవుతుందో ఆ 66 మ్యాచ్‌లు చెప్పాయి. అందుకే 81కీ 80కీ మధ్య ఉన్న ఆ ఒక్క లక్ష నాకు ముద్దొచ్చింది. అప్పటి టైటాన్స్ కోచ్ కృషన్ కుమార్ హుడా ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన మనిషి. ఆయనకు వ్యాకరణం తెలుసు.

ఫలశ్రుతి కూడా వినండి. పన్నెండో సీజన్‌లో విజయ్ మలిక్ కెప్టెన్‌గా టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లారు, బెంగళూరునూ పట్నానూ దాటారు, రెండో క్వాలిఫయర్‌లో పుణెరి పల్టన్ చేతిలో ఓడారు. ఆ ఓటమిలోనూ భరతుడు ఒంటిచేత్తో పాయింట్లు కురిపించాడు. మూడో స్థానం. పవనుడూ అర్జునుడూ ఒక్క రథమెక్కిన తలైవాస్ మొదటి ఎనిమిదిలో లేరు. పవనసుతుడు జెండా మీదుంటే చాలని వ్యాసుడు చెప్పాడు గానీ, పవనుణ్ణే కొనమని చెప్పలేదు.

మేనల్లుడు ఊరుకోలేదు. “మన ఓరుగల్లు కోటకు డెబ్బై ఏడు బురుజులు, బురుజుకో నాయకుడు ఉండె అంటరు గదా. అన్ని మూలలకు మనుషులుంటే 1323ల కోట ఎందుకు కూలె?”

గట్టి ప్రశ్నే. ఆ ఏడు చివరి పాట ఢిల్లీవాళ్లది అన్నాను. 2025లో కప్పు ఎత్తుకుపోయిందీ ఢిల్లీయే. కనుక ఈ విషయంలో చరిత్రకూ కబడ్డీకీ భేదం లేదు.

పాఠాంతరం

చివరి పాదంలో ‘తేరినారు’ బదులు ‘తీరినారు’ అని చదవవచ్చునంటున్నారు కొందరు. ఛందస్సుకు ఇబ్బంది లేదు. తేరడమంటే మూర్ఛ నుంచి లేవడం, తీరడమంటే వరసగా కుదురుకోవడం. లేచారన్నంతవరకు ఒప్పుకుంటాను. కుదురుకున్నారనడానికి తొందరపడను. ప్లేఆఫ్స్ చివరి మెట్టు మీద పట్టు జారింది. మధ్యలో నిలిచే కవర్ జోడీ ఇంకా గట్టిగా ఉండాలి. భరతుడు బయట కూర్చున్న నిమిషాల్లో కూతకు పోయే రెండోవాడు, మూడోవాడు కావాలి. వచ్చే వేలానికి మళ్లీ జెండా చూసి మురిసిపోతే ‘తేరినారు’ కూడా చెరిగిపోతుంది.

తాత్పర్యం

గాలిని వదిలేసి, భరతుణ్ణి తెచ్చుకుని, విజయుణ్ణి పోనీయకుండా పట్టుకుని, శుభాన్ని మూలకు కాపు పెట్టి, మూడు బస్తాలను ఒక జెండా ధరకన్నా తక్కువకు కొని తెలుగు జట్టు కోలుకుంది.

మేనల్లుడి చివరి ఆక్షేపణ

చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: “మామా, పవన్ ఢిల్లీ. భరత్, విజయ్ ఇద్దరూ హర్యానా. శుభమ్ మహారాష్ట్ర. నీ పద్యంల తెలుగు పిల్లగాడు ఏడి?”

దీనికి నా దగ్గర టీక లేదు. పద్యంలో ‘తెలుఁగు’ అన్న మాట ఉంది గానీ అది విశేషణం మాత్రమే. కూత పెట్టడం ఈ జిల్లా పిల్లలకు ఒకరు నేర్పాల్సింది కాదు. బడి వెనక మట్టిలో గీత గీస్తే చాలు, చెడుగుడు మొదలవుతుంది. మట్టి నుంచి మ్యాట్ దాకా నడిపించేవాళ్లు తక్కువ. లీగులో కొత్త కుర్రాళ్లను వేలంతో పని లేకుండా నేరుగా తీసుకునే వరస ఒకటి ఉంది. ఆ వరసలో నిలబడాలంటే ముందు ఎవరి కంటనైనా పడాలి.

నిజానికి ఆటవెలది ఒంటరిగా ఉండనక్కరలేదు. సీసం కింద ఎత్తుగీతిగానూ కూర్చుంటుంది. పైన సీసం ఇంకా రాయలేదు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, అలాంటివి నాలుగు పాదాలు, బోలెడు చోటుంది. పరకాలలోనో నర్సంపేటలోనో వర్ధన్నపేటలోనో కూత దమ్మున్న పిల్లవాడు మీ కంట పడితే పేరు చెప్పండి. ఏ గణంలో పడ్డా సరే, యతి నేను కుదురుస్తాను.