లెక్కలో మాత్రమే దొరికే దొంగ

ఆగి ఉన్న బస్సుకు 48 మీటర్ల వెనక ఒక విద్యార్థి. సెకనుకు 10 మీటర్ల వేగంతో పరుగు లంకించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బస్సు 1 మీ/సె² సమత్వరణంతో కదిలింది. ఎన్ని సెకన్లలో అందుకుంటాడు? ఇంటర్ ఫిజిక్స్ చదివిన ప్రతివాడూ ఇలాంటి బస్సు వెనక పరుగెత్తినవాడే. జవాబు 8 సెకన్లు. టిక్కు పెట్టాం, మార్కు పడింది, మర్చిపోయాం.

సెకనుకు 10 మీటర్లంటే ఎంతో ఎవరైనా చెప్పారా? గంటకు 36 కిలోమీటర్లు. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆయన సగటు వేగం సెకనుకు పదిన్నర మీటర్లు కూడా లేదు. మన పిల్లాడు వీపున పుస్తకాల సంచి, చేతిలో టిఫిన్ బాక్సుతో దాదాపు ఆ వేగం తియ్యాలి. సరే, తీశాడే అనుకుందాం. వాడు అందుకునే సమయానికి బస్సు గంటకు 29 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అప్పుడు ఎగిరి ఎక్కాలి! ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరమని ఆ బస్సు మీదే రాసి ఉంటుంది.

ఇంతకీ డ్రైవరు అద్దంలో చూడడా? కండక్టరు విజిల్ వేయడా? ఎందుకు వేస్తాడు? లెక్కలో బస్సుకు ఆగే పని లేదు. ఆప్షన్లు నాలుగే. 'బస్సు ఆపి ఎక్కించుకోవాలి' అనేది ఆ నాలుగింటిలో లేదు. పరుగెత్తడం పిల్లాడి వంతు, పోవడం బస్సు వంతు. ఊరికున్నది ఆ ఒక్క సర్వీసేనని పేపరు తయారుచేసినవాడికి ఏం తెలుసు? వాడు కార్లో వస్తాడు.

ఈ ప్రశ్నలన్నీ క్లాసులో అడగొద్దూ? టైమేదీ! ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. దాని పేరిప్పుడు ఈఏపీసెట్ లెండి, పేర్లు మార్చడంలో మన ప్రభుత్వాల త్వరణానికి తిరుగులేదు. ఒక్కో ప్రశ్నకు 68 సెకన్లు కూడా దక్కవు. అందుకే సారు బోర్డు మీద ఒక డబ్బా గీస్తాడు. "బస్సు అందాలంటే కనీస వేగం యూ ఈక్వల్స్ రూట్ టూ ఏ డీ. బట్టీ పట్టండి. ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగి టైం తినకండి."

ఎక్కణ్నుంచి వచ్చింది మరి? బస్సు వెనక సీట్లో కూర్చుని చూస్తే సరి. పిల్లాడు 10తో మన మీదికి వస్తున్నట్టుంటాడు. సెకనుకు ఒకటి చొప్పున వాడి వేగం తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. అలా తగ్గి సున్నా అయ్యేలోపు 50 మీటర్లు లాగించగలడు. ఉన్న దూరం 48. బతికిపోయాడు, రెండు మీటర్లు మిగులు! దూరం 51 అయ్యుంటే ఈ జన్మకు అందదు. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. లక్షల్లో ఫీజు పిండే కాలేజీకి ఆ పది నిమిషాలు లేవు. గేటు ముందు ఫ్లెక్సీ మీద మాత్రం 'కాన్సెప్ట్ ఓరియెంటెడ్ టీచింగ్'. కాన్సెప్టట, మన బొంద!

మొదటి బస్సు లెక్కకు 8తో పాటు ఇంకో జవాబూ ఉంది. 12 సెకన్లు. "దాన్ని కొట్టెయ్యండి" అంటాడు సారు. ఎందుకు కొట్టెయ్యాలి? 8వ సెకనులో ఎక్కకుండా అదే ఊపున పోతే పిల్లాడు బస్సును దాటేస్తాడు. 12వ సెకనులో బస్సు మళ్లీ వాణ్ని దాటి పోతుంది. ఇక దొరకదు. ఈ 12ను కాస్త గుర్తుంచుకోండి, పనుంది.

తర్వాతి బిట్టు, దొంగ–పోలీసు. సెకనుకు 30 మీటర్ల వేగంతో దొంగ కారులో దాటిపోయాడు. 'అదే క్షణంలో' పోలీసు జీపు బయల్దేరింది. అదే క్షణంలో! నవ్వొస్తోందా? రాకేం చేస్తుంది?

దొంగది సమవేగం, జీపుది నిశ్చల స్థితి నుంచి సమత్వరణం అయితే, ఆ త్వరణం ఎంతైనా సరే, పట్టుకునే క్షణానికి పోలీసు వేగం దొంగ వేగానికి సరిగ్గా రెట్టింపు. అంటే గంటకు 216 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ మీద పరిమితి 120. దొంగ పరిమితి లోపలే ఉన్నాడు, చలాన్ పడేది పోలీసుకే. ఇక అదే క్షణంలో బయల్దేరకపోతే ఆ రెట్టింపూ చాలదు. 'ఇది మా స్టేషన్ పరిధి కాదు' అన్న మాటకు ఏ సూత్రంలో చోటుంది? 2019 నవంబరులో అత్యాచారానికి, హత్యకు బలైన దిశ కుటుంబానికి ఆ రాత్రి ఎదురైంది ఈ పరిధుల గొడవే. ఆలస్యం చేశారని తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. తర్వాత! ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోకి ఎక్కి అమల్లోకి రావడానికి 2024 జులై దాకా పట్టింది.

ఇక పెద్ద బండ్ల సంగతి. విజయ్ మాల్యా. దొంగ అనకూడదు, 'పరారీ ఆర్థిక నేరగాడు' అనాలి, 2019లో ముంబై కోర్టు ఇచ్చిన బిరుదు అది. బ్యాంకులకు బాకీ 9 వేల కోట్ల పైమాట. 2015 అక్టోబరులో సీబీఐ లుకౌట్ నోటీసు ఇచ్చింది, కనిపిస్తే ఆపండని. నవంబరులో దాన్ని మార్చింది, కనిపిస్తే కబురు చెప్పండని. 2016 మార్చి 2న ఆయన కనిపించారు, విమానమెక్కారు. బ్యాంకులు సుప్రీంకోర్టుకు పరుగెత్తాయి. ఆయన అప్పటికే వెళ్లిపోయారని మార్చి 9న అటార్నీ జనరల్ కోర్టుకు విన్నవించారు. కబురు అందిందన్నమాట!

2017 ఏప్రిల్ 18న లండన్‌లో అరెస్టు. టీవీల్లో బ్రేకింగ్ న్యూస్, స్టూడియోల్లో చర్చలు. అది 8వ సెకను. కొన్ని గంటల్లోనే బెయిల్. అది 12వ సెకను. 2018 డిసెంబరులో ఆయన్ని అప్పగించవచ్చని అక్కడి కోర్టు తేల్చింది. 2020లో ఆయన అప్పీలూ వీగిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లు గడిచినా ఆయన అక్కడే. మనవాళ్లు మాత్రం ఫైళ్లు చంకన పెట్టుకుని వెనకాలే వస్తున్నారు, సమవేగంతో. సమవేగమంటే తెలుసుగా? త్వరణం సున్నా.