రాక, రాకు, రాక్: సటీక తాత్పర్యం

అవతారిక: చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు. విశాఖ జిల్లా అని ప్రాచీన పాఠం. 2022 నుంచి అనకాపల్లి జిల్లా అని ప్రభుత్వ పాఠాంతరం. అక్కడి చవితి పందిట్లో గిటారు కుర్రాళ్లు పాడినట్టుగా వ్యాఖ్యాత స్వయంగా కల్పించుకున్న పల్లవి ఇది.

మూలం: రాక్ రాక్ రావే వానా, ఆగ్‌కే!

పాఠాంతరాలు: ‘రాక రాక’ అని చెరకు రైతు పాఠం. ‘రాకు రాకు’ అని పందిరి కమిటీ పాఠం. ఉన్నదున్నట్టు ‘రాక్’ అని కాలేజీ పాఠం.

ప్రతిపదార్థం: రాక రాక = ఇన్నాళ్లూ ముఖం చాటేసి; వానా = ఓ వర్షమా; రావే = రమ్ము; ఆగకే = తెరిపి ఇవ్వకుము. ఇక కమిటీ పాఠాన: రాకు రాకు = వద్దు వద్దు; రావే = రమ్ము. వద్దంటూనే రమ్మనడమేమి? విరోధాభాసాలంకారమని సమాధానం. ఇలాంటి ఇరుకుల్లోనే అలంకారశాస్త్రం అక్కరకొస్తుంది. ‘ఆగకే’ను సైతం వారు ‘ఆగాకే’ అని దిద్దుకున్నారు. నిమజ్జనమై మైకు ఆగాకే రమ్మని భావం.

వ్యాఖ్య: తెలుగు అజంత భాష. ఎదురుచూపుకీ నిషేధానికీ తేడా చివరి అచ్చులోనే ఉంది. డ్రమ్ము దెబ్బ పడేదీ సరిగ్గా దానిమీదే. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన రామాయణమూ భారతమూ పలికించాడు. అది కవి ప్రతిభ. ఇక్కడి శ్లేష మైకు ప్రతిభ.

దీనికి పూర్వోదాహరణ అమెరికాలో ఉంది. 1963లో కింగ్స్‌మెన్ బృందం పాడిన ‘లూయీ లూయీ’లో మాటలు తెలియక, బూతులున్నాయని జనం ఫిర్యాదు చేశారు. ఎఫ్‌బీఐ వారు రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి, ఏ వేగంలోనూ బోధపడలేదని తేల్చారు. రిచర్డ్ బెర్రీ రాసిందేమో, దూరానున్న పిల్ల కోసం ఓ నావికుడి బెంగ! మూలంలో లేనిది రాయనన్న టీకాకారుడు మల్లినాథసూరి ఒట్టును ఆ పోలీసులు నిలబెట్టారు; ఫిర్యాదుదారులే తప్పారు.

మన పొరుగు అనకాపల్లిలో చదువుకున్న సినీకవి సిరివెన్నెల మాత్రం ఈ తంటా లేకుండా తన పాటల సంగతి తానే ‘సిరివెన్నెల తరంగాలు’గా రాసి, టీకాకారుల పొట్ట కొట్టారు.

తాత్పర్యం: చేలో చెరకున్నవాడికి గాయకుడు వానను పిలిచాడు, రోడ్డుమీద పందిరున్నవాడికి తరిమాడు. రెండూ గ్రాహ్యమే. కాలేజీ పాఠం మాత్రం ప్రక్షిప్తం. కుర్రాళ్లకు మనవి: పల్లవి చివరి అచ్చు వినబడేదాకా ఆ డ్రమ్ము గుంటణ్ణి కాస్త ఆపండి.