సీటు ఇడ్వని బాపు

పొద్దున ఆరింటికి వేములవాడలో రెండు రకాల ప్రదక్షిణలు నడుస్తుంటాయి. ఒకటి రాజన్న గుడిలో. ధర్మగుండంలో మునిగొచ్చిన భక్తుడు తడిబట్టలతోనే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తాడు. రెండోది మా వాడ చివర ఖాళీ జాగాలో. కొబ్బరికాయల దుకాణపాయన ఎనిమిదేళ్ల బిడ్డను సైకిలెక్కించి, వెనక సీటు పట్టుకుని ఉరుకుతుంటాడు. గుళ్లో భక్తుడు కోడెను తిప్పుతాడు. ఇక్కడ కోడే భక్తుణ్ణి తిప్పుతుంది.

ఈయనకు పేరక్కర్లేదు. సిరిసిల్లలో ఈయనే సాంచెలు నడుపుతాడు, జగిత్యాలలో మామిడికాయల బేరం చేస్తాడు. కోరుట్లలోనైతే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఉంటాడు, కాబట్టి బిడ్డకంటే ఆయనకే తొందరెక్కువ. ఎక్కడున్నా గుర్తుపట్టడం తేలిక. మెడలో తువ్వాల, నోట్లో వేపపుల్ల, కుడిచెయ్యి సీటు కింద. మొదటిరోజు లుంగీతో వచ్చాడు. చైను దాన్ని కాస్త రుచి చూశాక, రెండోరోజు నుంచి ప్యాంటు.

లోకంలో తండ్రులందరూ సీటు విడిచిపెట్టేసి 'పట్టుకున్న, పట్టుకున్న' అని అబద్ధమాడతారు. మా వాడ బాపుది ఉల్టా అబద్ధం. గట్టిగా పట్టుకునే అంటాడు:

"ఇడ్శిపెట్టిన బిడ్డా! నువ్వే తొక్కుతున్నవ్!"

"లేదు బాపూ. నీ దమ్ము ఇనవడ్తుంది."

నిజమే. కొలిమితిత్తి లాంటి ఆ ఊపిరి మా అరుగు మీదికే వినిపిస్తుంది, మూరెడు దూరంలో ఉన్న పిల్లకు వినిపించదా? మర్నాడు ఊపిరి బిగబట్టి ఉరికాడు. ఒకటిన్నర చుట్టు తిరిగి కూలబడ్డాడు. పిల్లే సైకిల్ దిగి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు దెబ్బ తగిలింది ఆయనొక్కడికే.

ఇంత భయస్థుడు తాను నేర్చుకున్న కథ చెబితే మాత్రం ఎవరైనా ఔరా అనాల్సిందే. సైకిల్ టాక్సీలో గంటకు రూపాయి కిరాయి. సీటు అందక కైంచి తొక్కుడు, అంటే నడిమి డండా కిందినుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వేలాడేసి. పట్టుకునే నాథుడు లేడు. వాళ్ల నాయనకు కొడుకు సైకిల్ తొక్కుతాడన్న సంగతి, వంగిన హ్యాండిల్ పట్టుకుని సైకిల్ దుకాణపాయన ఇంటికొచ్చినప్పుడే తెలిసింది. ఇది చెప్పి మోకాలి మీది మచ్చ చూపిస్తాడు. చెప్పినప్పుడల్లా మచ్చ అంతే ఉంటుంది, పడ్డ గుంత మాత్రం కొంత లోతవుతుంది. "గట్ల నేర్సుకున్నోనివి, పిల్లనెందుకు ఇడ్వవే?" అంటే, "గప్పటి రోడ్లు మెత్తగుండె" అంటాడు. మట్టిరోడ్లని ఆయన భావం కాబోలు.

పైగా ఆయన చెప్పే పాఠం పూర్తిగా తప్పు. సైకిల్ కుడికి ఒరిగితే "ఎడమకు తిప్పు! ఎడమకు!" అని అరుస్తాడు. నిజానికి ఎటు పడబోతున్నామో అటే హ్యాండిల్ తిప్పాలి. అప్పుడే చక్రాలు మళ్లీ ఒంటి బరువు కిందికి వచ్చి సర్దుకుంటాయి. తొక్కడమొచ్చినవాళ్లంతా చేసేది ఇదే, చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు. వేగమందుకుంటే హ్యాండిల్ కొంచెం కదిలించినా చాలు. మరీ నెమ్మదిగా పోతే అటూ ఇటూ ఎంత తిప్పినా చాలదు. మా బాపు నోట రెండో మంత్రమేమిటంటే, "మెల్లగ! మెల్లగ తొక్కు!" ఇక పిల్ల పడక ఏం చేస్తుంది? సీటు పట్టుకున్నాడు కాబట్టి ఆ పడటం కూడా పూర్తిగా పడనివ్వడు. పిల్ల సగం ఒరిగి అక్కడే వేలాడుతుంటుంది.

పంచర్ల దుకాణపాయన ఒక ఉపాయం చెప్పాడు. పైడళ్లు పీకేసి, సీటు దించి ఇవ్వాలట. పిల్ల రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ పోతే నిలదొక్కుకోవడం దానంతటదే వస్తుంది, తర్వాత పైడళ్లు బిగించవచ్చు. అసలు సైకిల్ పుట్టిందే అలా. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన చేసిన కొయ్యబండికి పైడళ్లే లేవు, పెద్దమనుషులే నేలను తన్నుకుంటూ పోయారు. ఈ మాట నేను చెబితే బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "పైడళ్లకు పైసలు పెట్టిన గదా, పీకుడెందుకు?"

ఇంట్లో బాపు వాళ్లమ్మ ఇదంతా చూసి మొక్కేసింది. "పొల్ల కాలుచెయ్యి ఇరగకుంట నేర్సుకుంటే, రాజన్నకు కోడె కడ్త." కొడుకు కాలూచెయ్యి సంగతి మొక్కులో లేదు. అదే అడిగితే, "ఆడు యాదికి రాలె" అంది.

సోమవారం సైకిల్ పాఠముండదు. ఆ రోజు రాజన్న దగ్గర జనం, దుకాణంలో గిరాకీ. కొబ్బరికాయలు, బెల్లం అమ్ముకోవడంలో బాపు ఆ పొద్దంతా తలెత్తడు. సరిగ్గా అలాంటి రెండు సోమవారాలు పక్కింటి ఏడో తరగతి పిల్ల మా పొల్లను పంచర్ల దుకాణానికి తీసుకుపోయి, పైడళ్లు పీకించి, వాడంతా తిప్పింది. రెండో సోమవారం సాయంత్రం మళ్లీ బిగించి తెచ్చారు. ఈ కుట్రలో నాకూ కొంత భాగముంది. పైడళ్లు దాచింది మా ఇంట్లోనే. ఆ నడుమ వారమంతా సైకిల్ "పంచరుకిచ్చినం" అనే మాట మీదే గడిచింది.

మంగళవారం బాపు అలవాటుగా చెయ్యి చాపేలోగా పిల్ల తొక్కేసింది. వేగంగా, మలుపులో ఒరిగి, ఒరిగినవైపే తిప్పి. బాపు వెనకే ఉరికాడు. చెయ్యి సీటు ఎత్తులోనే ఉంది, దాని కింద సీటే లేదు. జాగా సగందాకా అలాగే ఉరికి, "మెల్లగ" అని అరిచి, నిలబడి, మనుషులెవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూశాడు. నేను పేపరులోకి తల దూర్చాను.

మొక్కు తీర్చడానికి అందరం పోయాం. నాయినమ్మ కోడె పగ్గం పట్టింది, పిల్ల పక్కన నడిచింది. బాపు కోడె వెనక చేరి, దాని నడుం మీద కుడిచెయ్యి ఆనించాడు. మలుపు దగ్గర కోడె కొంచెం వడివడిగా నడిచింది. వెనకనుంచి కొలిమితిత్తి మొదలైంది.

పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

"బాపూ, ఇగనన్న ఇడ్శిపెట్టు. దానికి నడుసుడచ్చు."