‘స్వయముగా హాజరు కావలెను’: టీకా తాత్పర్యము

మూలము: “రిజిస్ట్రేషన్ గడువు ముగియు వైద్యులు ఒరిజినల్ పత్రములతో స్వయముగా హాజరై రెన్యువల్ చేయించుకొనవలెను.”

అవతారిక: మా తమ్ముడు సైన్యంలో డాక్టరు, మేజరు. పేరున్నది సొంత రాష్ట్రపు వైద్య మండలిలో, మనిషి ఉన్నది లడఖ్‌లో. గడువు దగ్గరపడగా వచ్చిన సూత్రమిది. కర్త ఎవరో తెలియదు. కింద సంతకమున్నది గాని చదువ శక్యము గాదు.

ప్రతిపదార్థము: తక్కినవి సులభములు, విడిచితిమి. స్వయముగా = దేహముతో. దేహము సరిహద్దున కాపలా దళంతో ఉన్నది గదా, ఆత్మ వచ్చిన చాలదా యని పూర్వపక్షము. ఆత్మకు టోకెను ఇవ్వరని సిద్ధాంతము.

విశేషము: టీకా రాస్తున్నాను గనుక ముందు మల్లినాథుణ్ణి తలవాలి. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. సంజీవని అనగానే సుషేణుడు రావాలి. తారకు తండ్రి, సుగ్రీవుడికి మామ, వానరసేనకు వైద్యుడు. లక్ష్మణుడు శక్తి తగిలి పడినప్పుడు ఓషధుల గుర్తులు చెప్పి హనుమంతుణ్ణి పంపినవాడు. ఆ వేళ కిష్కింధ నుంచి “స్వయముగా హాజరు” అని తాఖీదు వచ్చి ఉంటే ఆయన సేతువు దాటి వెనక్కి వెళ్లేవాడా? వాల్మీకి చెప్పలేదు. అంతటి కవికీ ఈ ఊహ అందలేదు.

ఆక్షేపము: 2002 నాటి వైద్య నీతి నియమావళి అయిదేళ్లలో 30 గంటలు కొత్త పాఠాలు వినమంది. మంచిదే, వినాలి. కాని మంచుకు నల్లబడిన వేళ్లను దక్కించిన రాత్రులు ఆ గంటల్లోకి రావు. మేజరంటే గెజిటెడ్ అధికారి గదా. జవాన్ల సర్టిఫికెట్లకు అటెస్టేషన్ తనే చేస్తాడు. తన జిరాక్సుకు మాత్రం ఇంకొకరి సంతకం తెమ్మన్నారు. ఏటా 60 రోజుల సెలవు. అమ్మ కంటి ఆపరేషనూ, పాప పుట్టినరోజూ అందులోనే. కౌంటరు ముందు నిలబడడానికి విడిగా సెలవేదీ సైన్యం ఇవ్వదు. పోనీ వచ్చాడు. ఆ రోజు సంబంధిత గుమాస్తా సెలవు!

తాత్పర్యము: అయ్యా, రెన్యువల్ వద్దనడం లేదు. కమాండింగ్ ఆఫీసరు ఇచ్చే పత్రాన్నే హాజరుగా తీసుకోండి. ముఖం చూడాలంటే వీడియోలో చూడండి. కొండ దిగేదాకా లేటు ఫీజు ఆపండి.