గవర్నరు డబ్బాలోని తోలుబిళ్ళ

ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరు పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు దాని నీలం బానెట్టును, నారింజ చక్రాలను మెచ్చుకుంటారు. డీజిల్ పంపు చివర, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు డబ్బాలో ఉన్న నన్ను ఎవరూ అడగరు. నేను డయాఫ్రమ్‌ని, గుండ్రటి తోలుబిళ్ళని. ఇంగ్లండులోని డాగెన్‌హామ్ ఫ్యాక్టరీలో 1950లలో నన్ను ఇందులో బిగించారు. గుర్రాల పని లాక్కున్న యంత్రానికి ఒక పశువు తోలుతో పగ్గం వేశారన్నమాట. ఆ ఉపాయం పన్నినవాడికి వెటకారం బాగానే తెలుసు!

ఈ ట్రాక్టరులో డ్రైవరు వేగం లివరు తిప్పితే డీజిల్ నేరుగా పెరగదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలో ఉన్న చిన్న రేకు వాల్వు మాత్రమే తిరుగుతుంది. అది మూసుకుంటే అక్కడ వాక్యూమ్ పెరిగి, సన్నని పైపు గుండా నన్ను లాగుతుంది. నాతోపాటు డీజిల్ మోతాదు మార్చే పంపు కడ్డీ, అంటే ర్యాకూ జరిగి డీజిల్ తగ్గుతుంది. నాగలి బంకమట్టిలో దిగి ఇంజను నీరసించిందా, ఆ లాగుడు సడలుతుంది. వెంటనే స్ప్రింగు నన్ను ఇవతలికి తోస్తుంది, డీజిల్ పెరుగుతుంది. రోజంతా ఇదే నా కొలువు.

ఎసెక్స్‌లో ఒక రైతు షెడ్డులో ఏళ్లు ఊరికే పడి ఉండేసరికి నేను ఎండి అట్టలా బిగుసుకుపోయాను. మళ్ళీ దుక్కికి దింపితే ఏమవుతుంది? ఇంజను మూలిగి మూలిగి ఆగబోయేదాకా నేను కదల్లేదు. నాగలి ఎత్తాక అది కాసేపు రంకెలు వేస్తే గానీ డీజిల్ తగ్గించలేదు.

ముందు ఎయిర్ క్లీనర్ విప్పారు. అది మంచి పనే. దాని నూనెలో బురద పేరుకున్నా వాక్యూమ్ పెరిగి బండి బలం పోతుంది. కడిగారు, మందకొడితనం మాత్రం పోలేదు. ఇక రైతు కొడుకు తప్పు ఇంజెక్టర్లదన్నాడు, చివరికి పంపే మార్చేద్దామన్నాడు. తెలియని రోగానికి ఖరీదైన మందు!

పొరుగున ఉన్న ముసలి మెకానిక్కు అడ్డుపడ్డాడు. "ఆగవయ్యా, ముందు తోలు సంగతి చూద్దాం" అని, ఇంజను ఆగి ఉండగానే నా పైపు విప్పాడు. స్టాప్ లివరును చివరిదాకా లాగి, పైపు కంతను బొటనవేలితో గట్టిగా మూసి, లివరు వదిలాడు. ఆరోగ్యంగా ఉంటే నేను కొంచెం జరిగి అక్కడే నిలవాలి. ఎండిన తోలు సూక్ష్మ రంధ్రాల్లోంచి గాలి కారుతుంటే నిలిచేదెక్కడ? ఈడ్చుకుంటూ మొదటికి వచ్చేశాను. నన్ను బయటికి తీశాక ర్యాకును వేలితో కదిపి చూశాడు, జారుడుగా ఆడింది. పంపు తప్పేమీ లేదు.

చిరుగులు లేవు కాబట్టి బతికిపోయాను. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనెలో నన్ను రాత్రంతా నానబెట్టారు. తోలు కోరేది ఆ నూనెనే. మర్నాడు నాగలి దిగీ దిగకముందే ఇంజను అందుకుంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి పాత పంపు ఉంటే, మార్చే ముందు ఆ బొటనవేలి పరీక్ష చేయండి. ఇంజను నడుస్తుండగా మాత్రం నా పైపు విప్పకండి. వాక్యూమ్ పోతే స్ప్రింగు ర్యాకును పూర్తి డీజిల్ వైపు నెట్టేస్తుంది, ఇంజను అదుపు తప్పుతుంది.